అవినీతిచింతయు ఆత్మస్థైర్యమును

లోకములో జరుగు అక్రమమునెల్ల దినదినమును తెలిసికొనుచుండుట పౌరధర్మమా, లేక అదియు ఒక వ్యసనమా? ఈ ప్రశ్నను నేను చాలకాలము అడుగలేదు. అడుగవలసిన పని లేదనుకొంటిని. చదువుకొన్నవాడు వార్తలు తెలిసికొనవలెను, తెలిసికొని మండిపడవలెను, మండిపడి నలుగురితో చెప్పవలెను. అంతటితో దేశముపట్ల తన ఋణము తీరెనని నమ్మువారిలో నేనును ఒకడను. ఆ నమ్మకము ఎట్లు చెడినదో, చెడిన పిమ్మట నాకు మిగిలినదేమో చదువరులకు విన్నవించుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిలో ప్రజ్ఞాపురము దాటిన తరువాత, సిద్దిపేట చేరకమునుపు, కుకునూరుపల్లి యను గ్రామము తగులును. చిరకాలము కొండపాక మండలములో చేరియుండిన యీ యూరు 2022లో తానే యొక మండలమునకు పేరైనది. దారిప్రక్క దుకాణములలో తెల్లవారుజామునుండియే చాయ మరగుచుండును. లారీలు నడుపువారు, కూరగాయల బస్తాలతో సంతకు పోవువారు, ఉద్యోగమునుండి విరమించిన ఉపాధ్యాయులు, మోటారుసైకిళ్లపై వచ్చిన యువకులు, అందరును ఒకే బల్లపై ఒత్తిగిలి కూర్చుందురు. పూర్వము ఆ బల్లపై ఒక పత్రిక యుండెడిది. దానిని ఒకడు బిగ్గరగా చదువగా తక్కినవారు వినెడివారు. ఇప్పుడు ఎవరి చేతిలోని సెల్‌ఫోను వారిది. అయినను మాటలు మాత్రము అవియే.

ఆ మాటలకు విషయము కరవుగాదు. చుట్టుప్రక్కల నేలయే దానిని అందించుచుండును. తొగుట, కొండపాక మండలముల పొలములలో 50 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు కట్టిన మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరి 23న ప్రారంభింపబడినది. దానికొరకు ఊళ్లకు ఊళ్లే లేచిపోయినవి. ఆ జలాశయము చేరిన కాళేశ్వరపు పథకములో గోదావరిపై కట్టిన మేడిగడ్డ ఆనకట్టయొక్క స్తంభములు 2023 అక్టోబరు 21న కుంగినవి. 2024 మార్చిలో ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. 2025 జూలై 31న ఆ సంఘము నివేదికను సమర్పించెను. ఎవరి తప్పు ఎంతయో తేల్చుట న్యాయస్థానముల పని. నా పని గాదు. కాని చాయదుకాణములో ఆ తీర్పు ప్రతి యుదయమును చెప్పబడును, ప్రతి సాయంకాలమును మార్చబడును. కోట్ల లెక్కలు చెప్పువానికి తన యింటి ధాన్యము ఎన్ని బస్తాలో తెలియకపోవచ్చును. అది వేరు మాట.

నేనును ఆ బల్లపై కూర్చున్నవాడనే. ఒకనాటి సంగతి చెప్పెదను. ఆ యుదయము మూడు గంటలసేపు లంచములను గూర్చి చదివితిని, వింటిని, మాటలాడితిని. నా వాదమును మెచ్చి ఒక పెద్దమనిషి నాకు రెండవ చాయ తెప్పించెను. ఆనాటి మధ్యాహ్నమే నాకు ఒక కార్యాలయములో పని యుండెను. మా తండ్రిగారి పేరిట నున్న భూమిని వారి యనంతరము నా పేరిటికి మార్పించుకొనవలసియుండెను. అక్కడి మనుష్యుడు కన్నెత్తి చూడకయే ఒక అంకెను పలికెను. నేను జేబులో చేయి పెట్టితిని. వాదము లేదు, సంకోచమును లేదు. చాయకు డబ్బిచ్చినట్లే ఇచ్చితిని. మెట్లు దిగి వచ్చునప్పుడు నాకు సిగ్గు కలుగలేదు. పని యైనదను తేలికయే కలిగెను. సిగ్గు ఆ రాత్రి ఉపాసనకు కూర్చున్నప్పుడు వచ్చినది. కన్నులు మూసికొనగానే ఆ యంకె వినబడెను.

మూడు గంటలు కోపించినవాడు మూడు నిమిషములు నిలువలేకపోవుటకు కారణమేమి? నేను దీనిని చాల దినములు తలపోసితిని. తలపోయగా నాకు తోచినదేమనగా, ఆ కోపమే నన్ను బలహీనుని చేసినది. కోపములో ఒక సుఖము కలదు. పరుని పాపమును తలచినంతసేపు మనము పుణ్యాత్ములమై యుందుము. అందుకు మనము చేయవలసినదేమియు లేదు, కోల్పోవలసినదేమియు లేదు. మద్యపానమును గూర్చి మన సమాజపు పెద్దలు చెప్పుచువచ్చిన లక్షణములన్నియు దీనికిని పట్టును: నిన్నటి కొలత నేటికి చాలదు, త్రాగినంతసేపు శౌర్యము, దిగినపిమ్మట నీరసము. నిన్న పది కోట్ల వార్తకు ఉలికిపడినవాడు నేడు వేయి కోట్లు విన్నను కనురెప్ప వేయడు.

ఇంతకంటె చెడ్డది మరియొకటి కలదు. "అందరును తినుచున్నారు" అను వాక్యమును గమనింపుడు. దీనిని మొదట ఫిర్యాదుగా పలుకుదుము. పలుకగా పలుకగా అది లోకజ్ఞానమగును. తుదకు మన వంతు వచ్చిననాడు అదియే మనకు అనుమతిపత్రమగును. ఆ మధ్యాహ్నము నా చేతిని జేబులోనికి పంపినది ఆ గుమాస్తా గాదు, ఆ వాక్యమే. ఉదయమున దానిని నేనే ఎన్నిసార్లు పలికితినో! లంచము తీసికొనువానికి కావలసిన వేదాంతమును తయారుచేసి యిచ్చువారము, లంచమును నిందించు మనమే యని అప్పుడు తెలిసినది.

ధర్మమునకు పది లక్షణములను చెప్పిన మనువు ధృతిని మొట్టమొదట పెట్టెను. పరధనమును ముట్టకుండుట నాలుగవది. మనుస్మృతిలోని అనేక వచనములను మన సమాజము త్రోసివేసినది, త్రోసివేయవలసినదే. కాని యీ క్రమము మాత్రము ఆలోచింపదగినది. నిలుకడ లేనివానికి నిజాయితీ ఒక ముచ్చట మాత్రమే. గాలి వీచువరకు నిలుచును.

చింతించుటయే తప్పని నేను చెప్పబోవుటలేదు. మన సమాజమును స్థాపించిన రామమోహనరాయలవారికంటె దూరదేశముల రాజకీయములను మనసునకు పట్టించుకొన్నవారు ఆ కాలమున అరుదు. 1821 ఆగస్టులో, నేపుల్సు ప్రజలు సంపాదించుకొన్న రాజ్యాంగమును ఆస్ట్రియా సేనలు అణచివేసినవను వార్త కలకత్తా చేరగా, వారు మిక్కిలి క్రుంగిపోయి, ఆ సాయంకాలము కలిసికొనవలసిన బకింగ్‌హాము దొరగారికి తాము రాజాలమని లేఖ వ్రాసిరి. తాము చూడని దేశము, తామెరుగని ప్రజలు! అంతటి సున్నితమైన హృదయము. కాని ఆ హృదయము దుఃఖముతోనే కాలము గడపలేదు. మరుసటి సంవత్సరము 'మీరాతుల్ అఖ్బార్' అను పారసీక పత్రికను నెలకొల్పెను. 1823లో ప్రభుత్వము పత్రికల నోరు కట్టు శాసనమును చేయగా, సుప్రీముకోర్టునకు విన్నపము వ్రాసెను. అది కొట్టివేయబడగా ఇంగ్లండు రాజునకు విన్నవించెను. ఆ నిబంధనలకు లోబడి పత్రిక నడుపనొల్లక దానిని తానే నిలిపివేసెను. విన్నపములు రెండును వ్యర్థమైనవి. అటుపిమ్మట వారు బల్లపై కూర్చుండి పాలకులను తిట్టుచు శేషజీవితము గడపియుండినచో మనకు 1828లో బ్రహ్మసమాజము లేదు. సహగమనమును నిషేధించిన 1829 డిసెంబరునాటి శాసనమునకు ఆ మహనీయుని వాదబలమును లేదు. ఒక సాయంకాలము దుఃఖమునకు ఇచ్చిరి. తక్కిన సాయంకాలములను పనికి ఇచ్చిరి.

మన తెలుగుదేశపు దృష్టాంతము ఇంకను దగ్గరిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని'ని ఆరంభించి, రాజమహేంద్రవరపు కచ్చేరీలలోని లంచములను వెల్లడించిరి. న్యాయవాదుల మాయలపై 'వ్యవహారధర్మబోధిని' యను ప్రహసనమును వ్రాసిరి. వారు అవినీతిని చూడనివారు గారు. చూచి ఊరకున్నవారును గారు. కాని వారు వ్రాసినది తాము విచారించి తెలిసికొన్నదానిని, తమ యూరిలోనిదానిని. వ్రాసినందుకు వచ్చు ఫలమును తామే అనుభవింప సిద్ధపడి వ్రాసిరి. ఇప్పటి మన దూషణమునకు ఈ మూడింటిలో ఒక్కటియు లేదు.

1881 డిసెంబరు 11న వారు మొదటి వితంతువివాహమును జరిపించిన పిమ్మట సంఘము వారిని వెలివేసెను. ఇక్కడ నేను పంతులుగారికంటె రాజ్యలక్ష్మమ్మగారిని తలచుకొందును. వంటవారు మానివేసిరి, నీరు మోయువారును మానివేసిరి. ఆమె గోదావరికి పోయి నీరు తెచ్చి, తానే వండి, ఆశ్రయించిన బాలవితంతువులకు వడ్డించెను. వెలివేసినవారి దుర్మార్గమును గూర్చి ఉపన్యసించుటకు ఆమెకు తీరిక లేదు. కడవ బరువు భుజమునకు తెలియును. దానిని రేపును మోయవలెను. ఆత్మస్థైర్యమనగా నా మనసునకు గ్రంథములలోని నిర్వచనమేదియు తోచదు. ఆ కడవయే తోచును. మరియు ఆమె ఒంటరిగా మోయలేదని గూడ గుర్తుంచుకొనవలెను. ఇంటిలో భర్త యుండెను. ఆ యింట చేరిన ఆడుబిడ్డలుండిరి. వెలివేసిన యూరిలోనే తలుపు తట్టు మిత్రులు కొందరుండిరి.

ఈ మాటను నొక్కి చెప్పుటకు నాకు కారణము కలదు. ఆ కారణము కుకునూరుపల్లిలోనే యున్నది.

రహదారి ప్రక్కనే అక్కడ పోలీసుఠాణా కలదు. 2016 ఆగస్టులో ఆ ఠాణాలో ఉపనిరీక్షకుడుగా నుండినవాడు తన ప్రాణమును తానే తీసికొనెను. పై యధికారులు ధనముకొరకు తన్ను వేధించిరని చెప్పు లేఖ యొకటి అప్పుడు పత్రికలలో వెలువడెను. ఏడాది తిరుగకమునుపే, 2017 జూన్‌లో, ఆ స్థానమునకే వచ్చిన మరియొక ఉపనిరీక్షకుడును అట్లే మరణించెను. ఈ రెండవ మరణమునకు కారణములను పలువురు పలువిధముల చెప్పిరి. వానిని విమర్శించుటకు నాకు అర్హత లేదు. వారి పేర్లను నేనిక్కడ వ్రాయను. వారి యింటివారు బ్రతికియున్నారు. అప్పుడు ఊరు ఉడికిపోయెను. జనము రహదారిపైకి వచ్చిరి. కొన్నాళ్లు చాయదుకాణములలో వేరు మాట లేదు. తరువాత వేరు మాట వచ్చెను.

"వారికి మనోబలము చాలలేదు" అని యెవడైన నా యెదుట అనినచో వానితో నేను మరల మాటలాడను. ఆత్మస్థైర్యమును బోధించువారు జారిపడు గొయ్యి ఇదియే: పడినవానిని బలహీనుడనుట. మనము బల్లపై కూర్చుండి దూరమునుండి చూచి చప్పరించునట్టి అక్రమము కొందరికి పై యధికారి రూపముతో ఎదుటనే నిలుచుండును. వానికి కన్ను మూసికొను స్వాతంత్ర్యము లేదు. నన్ను బాధించు ప్రశ్న వేరు. ఆ ఠాణా యెదుటి దారిలోనే కదా ప్రతిదినమును అంతమందిమి లంచములను గూర్చి అంత బిగ్గరగా మాటలాడుచుంటిమి. లోపలనున్నవాడు వచ్చి "అన్నా, నా పరిస్థితి ఇది" యని చెప్పుకొనదగిన మనుష్యుడు మాలో ఒక్కడైన నుండెనా? కోపించు నోళ్లు వందలు; వినగలిగిన చెవి యొక్కటియు లేదు. 2022 అక్టోబరునుండి మనసు క్రుంగినవారు ఏ వేళనైనను మాటలాడుటకు 14416 అను సంఖ్యతో టెలిమానస్ అను ప్రభుత్వసేవ కలదు. మంచిదే, అందరును తెలిసికొనదగినది. కాని బల్లపై ప్రక్కనే కూర్చున్నవాని చెవికి అది బదులు గాదు.

కావున ఆత్మస్థైర్యమును ఎన్నుకొనుడని నేను చెప్పునప్పుడు, తలుపు మూసికొని, ధ్యానముచేసి, లోకమెట్లు పోయిన నాకేమని యుండుట నా భావము గాదు. నిజమునకు, కలిగినవారికి ఆ మార్గము చాల సులభము. ధర్మచింతనమను పేరుతో దానిని అవలంబించినవారిని మన సమాజములోనే చూచితిని. ఒక ముదుసలి రైతు నా కన్నులు తెరపించెను. నేను వార్తలు చదువుట మానితినని కొంత గర్వముతోనే ఆయనతో చెప్పితిని. ఆయన నవ్వెను. "పేపర్ల ఏమున్నదో నాకెందుకు సారూ, నా పాసుబుక్కు ఎప్పుడొస్తదో అది చెప్పుండ్రి" అనెను.

ఆయన భూమి రెండెకరములు. 2017లో ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళనమును చేపట్టినప్పుడు ఆ రెండెకరములలో కొంత ఎట్లో తప్పిపోయినది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. దానిలోను ఆ తప్పు అట్లే యుండెను. 2025 ఏప్రిల్ 14న దానికి బదులు భూభారతి వచ్చినది. పేర్లు మారినవి, ఆయన అరచేతిలోని కాగితము మారలేదు. ఆయన వార్తలను చదువుటయు లేదు, మానుటయు లేదు. అవినీతి ఆయనకు వార్త గాదు. అది బస్సుచార్జీ, అది పోయిన దినకూలి. మేము ఎన్నుకొందుమో, మానుదుమో యని తర్కించు ధ్యాన, ధ్యానేతరములు ఆయన యెదుట నాకు చిన్నపిల్లల ఆటగా కనబడినవి.

అప్పటినుండి నేను పెట్టుకొన్న నియమము సామాన్యమైనది. వార్తలకు దినమునకు ఒకసారి, పావుగంట. అందులో నేను చేయదగినదేమైన నున్నదా యని చూతును. ఉన్న వ్రాసికొందును, లేనిచో కాగితము మడచుదును. ఉదయోపాసనము, ఒక మైలు నడక, ఇద్దరు మిత్రులతో వారమునకొకసారి కూడి దాపరికము లేకుండ మాటలాడుట. ఆ యిద్దరిలో ఒకరికి నా లంచపు సంగతిని మొదటిసారి చెప్పినప్పుడు, ఆయన తాను ఇచ్చిన మూడింటిని చెప్పెను. ఆ సాయంకాలము మేమిరువురమును కొంత బలపడితిమి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904 మొదలు 1919 వరకు కాకినాడ కళాశాలకు అధ్యక్షులై, దానికి ముందు సికిందరాబాదు మహబూబు కళాశాలలో నుండి, శిష్యులకు నేర్పినది ముఖ్యముగా ఇదియే: మనుష్యుడు తన యింటి గదిలో ఎట్టివాడో కచ్చేరీలోను అట్టివాడే కావలెనని. వారి గొప్ప తెల్లని దుస్తులలో లేదు. అనాథలైన పిల్లలను చేరదీసి అన్నము పెట్టుటలో నున్నది.

మిగిలిన సమయములో ఏమి చేయవలెనో చట్టమే కొంత చెప్పుచున్నది. 2005నాటి సమాచారహక్కు చట్టము ననుసరించి అడిగినదానికి 30 దినములలో జవాబు చెప్పవలెను. 2018లో సవరింపబడిన అవినీతినిరోధక చట్టము ప్రకారము లంచమిచ్చుటయు నేరమే. కాని బలవంతముచే ఇచ్చినవాడు 7 దినములలోగా అధికారులకు తెలిపినచో వానికి నేరము లేదు. తెలంగాణ అవినీతినిరోధక శాఖకు 1064 అను సంఖ్యతో ఉచితముగా తెలుపవచ్చును. ఈ మూడును తెలిసికొనుటకు నాకు అరగంట పట్టెను. లంచములను గూర్చి మాటలాడుచు గడపిన సంవత్సరములలో ఒక్కనాడైన ఈ యరగంట దొరకలేదు! నా ఏడు దినములు ఎన్నడో గడచిపోయినవి.

గత నెలలో ఆ ముదుసలి రైతుతో కూడ కార్యాలయమునకు పోయితిని. ముందురాత్రి ఇరువురము కూర్చుండి దరఖాస్తును వ్రాసితిమి. పాత పహాణీల నకళ్లను వరుసగా కుట్టితిమి. రెండు గంటలు బయట నిలుచుంటిమి. తుదకు లోపలికి పిలిచి, మునుపటివలెనే ఒక మనుష్యుడు కన్నెత్తక ఒక అంకెను పలికెను. నా గుండె కొట్టుకొనెను. చేతులు చల్లబడెను. ఎంత ఉపాసన చేసినను భయము భయమే. ముదుసలి నా వంక చూచెను. దరఖాస్తును బల్లపై పెట్టి, "దీనికి రసీదు ఇప్పింపుడు" అని మాత్రము అంటిని. గొంతు కొంచెము వణకినది. ఆ మనుష్యుడు తలయెత్తి, మొదటిసారి మా ముఖములను చూచెను. చాలసేపు ఏమియు ననలేదు. తరువాత రసీదు వ్రాసి యిచ్చి, పై యధికారి లేడనియు, సోమవారము రావలెననియు చెప్పెను.

సోమవారము పోయితిమి. మరుసటి సోమవారము రమ్మనిరి. పని ఇంకను కాలేదు. తిరిగి వచ్చునప్పుడు కుకునూరుపల్లిలో దిగి చాయ త్రాగితిమి. ముదుసలి రసీదును నాలుగు మడతలుగా మడచి తలపాగలో దోపుకొని, వచ్చే సోమవారము ఏ బస్సునకు బయలుదేరవలెనని నన్ను అడిగెను.